బలవన్మరణము - పెద్దల కర్తవ్యము



నేడు నేను ముచ్చటింప బూనిన విషయము సభలలో గాని రచ్చబండపై గాని సాధారణముగ నెవ్వరును ఎత్తనిది. ఊరిలో నొక మనుష్యుడు తన ప్రాణమును తానే తీసికొన్నప్పుడు కొన్ని దినములు గుసగుసలు సాగును. కర్మాంతరము కాగానే మౌనము. ఆ పిమ్మట ఆ యింటివారు ఎదురైనచో తల త్రిప్పుకొనుట. ఇది మన యాచారముగ నున్నది. పెండ్లి, వ్యాజ్యము, వాన, పంట మొదలగు సర్వవిషయములను గూర్చియు గ్రామమున పెద్దలే ముందుగ మాటలాడుదురు. దీనిని మాత్రము పోలీసువారికిని వైద్యులకును విడిచి యూరకుందురు. ఆ మనుష్యుడు వైద్యుని చేరునప్పటికి తరచుగ ఆలస్యమై యుండును. అంతకు ముందు వారముల కొలది, మాసముల కొలది అతడు మన కన్నుల యెదుటనే తిరుగుచుండెను గదా! కావుననే ఈ ప్రసంగమును చదువెరిగిన గ్రామవృద్ధులైన మీకు విన్నవించుచున్నాను. నేను వైద్యుడను గాను. హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ ప్రాంతమున నివసించుచు, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి నొందిన యుపాధ్యాయుడను. కావ్యములను, శాస్త్రములను గురుముఖమున కొంత చదివినవాడను. ఆ చదువును, బడిలోను వీధిలోను చూచిన లోకమును కలిపి నాకు తెలిసినంత మనవి చేయుదును.

మొదట మాటను గూర్చి ఒక మాట. 'ఆత్మహత్య' యనుటలో 'హత్య' యున్నది. హత్య యన్నంతనే హంతకుడు, నేరము, పాపము మనసునకు వచ్చును. మన పత్రికలు వాడెడి 'బలవన్మరణము' అను మాట ఇంతకంటె సత్యమునకు సమీపముగ నున్నట్లు నాకు దోచును. ఏదో యొక బలము ఆ మనుష్యుని నెట్టినదని ఆ మాట సూచించుచున్నది. ఆ బలమేది, దాని నెట్లు అడ్డగింపవచ్చును అన్నదే నేటి విచారణము.

ముందు లెక్కలు వినుడు. ప్రపంచమున ప్రతి సంవత్సరము ఏడు లక్షల మందికి పైగా ఈ విధముగ మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 2022 సంవత్సరములో 1,70,924 మంది మరణించినట్లు జాతీయ నేర నమోదు కార్యాలయము ప్రకటించినది. లక్ష జనాభాకు ఇది 12.4 చొప్పున తేలినది. మన తెలంగాణములో ఆ సంవత్సరమే ఆ లెక్క 26కు మించినది. అనగా దేశపు సగటునకు రెండింతలు. చనిపోయినవారిలో నూటికి 70 మందికి పైగా పురుషులు. నాల్గింట నొకవంతునకు పైగా దినకూలీలు. కారణములలో కుటుంబ సమస్యలు మొదటివి, రోగము రెండవది. ఈ రెండే సగమును ఆక్రమించుచున్నవి.

ఇట ఒక ప్రశ్న పుట్టును. బీదరికమే కారణమైనచో మనకంటె బీదదైన బీహారు రాష్ట్రములో ఈ మరణములు అధికముగ నుండవలయును. అచటి లెక్కలో లక్షకు ఒక్కటియు నమోదు కాలేదు. నమోదు చేసెడి తీరులో భేదముండు మాట నిజమే. అయినను అంతటి భేదమునకు అదియొక్కటే కారణము కాజాలదు. ఫ్రాన్సు దేశీయుడగు ఎమిల్ దుర్ఖైమ్ అను సామాజిక శాస్త్రవేత్త 1897లో ఈ విషయముపై ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. ఒక్కొక్క మనుష్యుని మరణము వాని సొంత విషయముగ కనబడినను, ఒక సంఘములో ఏటేట ఎందరు ఇట్లు మరణించుచున్నారన్నది ఆ సంఘపు కట్టుబాట్లను, బంధములను బట్టి యుండునని ఆయన నిరూపింప జూచెను. మనుష్యునకు సంఘముతో ముడి మిక్కిలి వదులైనను ప్రమాదమే; ఉరిత్రాడువలె మిక్కిలి బిగిసినను ప్రమాదమే. ఈ రెండవ మాటను మనము బాగుగ మననము చేయవలసి యున్నది. మన పల్లెలలో, మా పాతబస్తీలో మనుష్యులకు బంధువులు లేకపోలేదు. ఆ బంధువుల యెదుట తల యెత్తుకొని నిలువలేకపోవుటయే వారి బాధ.

మన ప్రాచీనులును దీని నెరుగుదురు. పరాశర స్మృతి నాల్గవ యధ్యాయము ఈ ప్రస్తావముతోనే ప్రారంభమగును. ప్రాణము తీసికొనువారికి విధింపబడిన గతిని చెప్పుట అచటి యుద్దేశ్యము. అయినను ఆ గతిని చెప్పుటకు ముందు స్మృతికర్త కారణములను నాల్గింటిని పేర్కొనినాడు: అతిమానము, అతిక్రోధము, స్నేహము, భయము. మనవారు ఆ గతిని కంఠస్థము చేసిరి, కారణములను మరచిరి. నేను ఆ నాల్గింటిని పట్టుకొనియే నేటి లోకమును చూపుదును.

మొదటిది మానము. మా పాతబస్తీలో హిందువులును ముస్లిములును దీనిని 'ఇజ్జత్' అను నొకే మాటతో పిలుతురు. పల్లెలో 'పరువు' అందురు. ప్రాణముకంటె మానము మిన్న యని మన మందరము పిల్లలకు చెప్పుచునే యున్నాము. యుద్ధములో వెన్ను చూపరాదని చెప్పుటకు అది మంచి మాటయే. అప్పులవాడు వాకిట నిలిచి కేకలు వేసినంతనే బ్రతుకు ముగిసినదని యెంచుటకు అదే మాట ఆధారమైనప్పుడు అది విషమగును. 1997-98లో ఓరుగల్లు జిల్లాలో ప్రత్తిపంటకు పురుగు పట్టినది. అకాల వర్షములు కురిసినవి. విత్తనములు, మందులు అరువిచ్చినవాడే పంటకు ధర కట్టువాడు. అచటి రైతులనేకులు ఆ యేట ప్రాణములు విడిచిరి. పంట పోవుట వారికి క్రొత్త గాదు. వాన రాని యేండ్లను తాతలనాటి నుండి వారు చూచినవారే. ప్రత్తి సాగుతో పెట్టుబడి పెరిగినది, అప్పు పెరిగినది; నష్టము మాత్రము ఒంటరివానిదైనది. తోటివారికి చెప్పుకొనుటకు పరువు అడ్డువచ్చినది.

పట్టణములో అదే కథ మరియొక వేషమున వచ్చినది. 2020లో కరోనా వలన పనులు పోయిన యువకులు చేతి ఫోనులోనే నిమిషములలో అప్పిచ్చెడి యాపులను ఆశ్రయించిరి. ఆ యాపులు ఫోనులోని బంధుమిత్రుల నంబరులన్నింటిని గ్రహించెడివి. గడువు తప్పినంతనే ఆ నంబరులకెల్ల 'వీడు దొంగ' యని సందేశములు పోయెడివి. కొందరు యువతీయువకులు ఆ యవమానమును సహింపలేక మరణించిరి. ఆ డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ఈ సంస్థలవారిని పలువురిని నిర్బంధించిరి. 2022లో రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులకు నిబంధనలు విధించినది. చూడుడు: ఆ దుర్మార్గులు మన గుండెలో మర్మస్థానమేదో ఎరిగి కొట్టిరి. బాకీ రాబట్టుటకు వారు న్యాయస్థానమునకు పోలేదు. నలుగురి నోటికి పోయిరి. ఆ నలుగురు నవ్వక, "వానికి కష్టమున్నది, మే మున్నాము" అని యుండినచో ఆ యాయుధము మొద్దువారెడిది గదా! కావున పరువు తీసెడివాడు ఒకడు. తీసినప్పుడు నవ్వెడివారము మనము. మన పాలు మన చేతిలోనే యున్నది. మరియొక మాట: చావుతో అప్పుల చిక్కు విడదు. ఆ గొడవ భార్య తలపై, చదువు మాని పనికి పోవు బిడ్డల తలపై పడును. ఈ సత్యమును ఋణగ్రస్తునితో మెల్లగ చెప్పి, ఋణదాతతో గడువు మాటలాడు పెద్దమనిషి యొక్కడున్న ఊరు ధన్యము.

రెండవది క్రోధము. క్షణికమైన కోపము, తగవు, అందులో మద్యము. ఈ మరణములన్నియు నెలల తరబడి యోచించి చేసినవని మనము భ్రమింతుము. బ్రతికి బయటపడినవారిని వైద్యులు ప్రశ్నింపగా, వారిలో అనేకులకు తలంపునకును చర్యకును నడుమ గంటకాలమైనను లేకుండెనని తెలిసినది. ఇంతకంటె ముఖ్యమైన విషయము: అట్లు బయటపడినవారిలో అత్యధికులు తరువాతి కాలమున ఆ విధముగ మరణింపలేదు. అనగా ఆ గంట గడచిన యెడల మనుష్యుడు దక్కును. 'చావదలచినవానిని ఎవ్వడాపగలడు' అను మాట లోకమున నున్నది గాని, అది సత్యము గాదు.

ఆ గంట గడచుటకు అన్నిటికంటె ఉపకరించునది ప్రమాదకర వస్తువు చేతికి దూరముగ నుండుట. మన పొరుగు దేశమగు శ్రీలంకలో 1995 ప్రాంతమున ఈ మరణములు ప్రపంచములోనే అత్యధికముగ నుండెడివి. అచటి ప్రభుత్వము మిక్కిలి విషపూరితములైన పురుగుమందులను ఒకదాని తరువాత నొకటిగ నిషేధించినది. ఇరువది యేండ్లలో మరణములు సుమారు 70 శాతము తగ్గినవి. పంటల దిగుబడి అందువలన తగ్గలేదు. శ్రీలంక ప్రజల కోపతాపములు ఆ యిరువది యేండ్లలో మాయమై యుండవు; కోపము వచ్చిన నిమిషమున చేయి చాచినచో అందెడి మృత్యువు దూరమైనది. నిషేధము ప్రభుత్వము చేయవలసిన పని. మన ఊర మనము చేయదగిన పని యొకటి గలదు. పురుగుమందును వంటయింటి గూటిలోను, మంచము క్రిందను ఉంచు అలవాటు మాన్పింపవలెను. పొలముననో ఊరుమ్మడి గదిలోనో తాళము వేసి, తాళపుచెవి మరియొకరి యొద్ద నుంచవలెను. మిగిలిన మందును ఇంట దాచక నిర్మూలింపవలెను. ధాన్యమునకు గాదె, బంగారమునకు పెట్టె యున్నప్పుడు, ప్రాణము తీయు వస్తువునకు తాళము లేకపోవుట ఏమి వివేకము?

మూడవది స్నేహము. శాస్త్రమున స్నేహమనగా గాఢమైన మమకారము. ప్రేమించిన వాని కులము వేరైనదని యింట నిర్బంధింపబడిన పిల్ల, భార్య పోయిన వృద్ధుడు, 'నేను బిడ్డలకు భారమైతిని' యని లోలోన కుమిలెడి తల్లి - వీరందరు ఈ కోవకు చెందుదురు. వీరిలో నేను ముఖ్యముగ చెప్పదలచినది పెండ్లియైన ఆడబిడ్డను గూర్చి. అత్తింట కట్నము కొరకు బాధింపబడుచు ఆమె పుట్టింటికి వచ్చును. తండ్రి కన్నీరు పెట్టుకొనును. అయినను రెండు దినములలో చీర పెట్టి మరల పంపును. 'ఇంటి గుట్టు బయట పడరాదు, చెల్లెలి పెండ్లి కావలసి యున్నది' అనును. పంచాయతి పెద్దలు 'సర్దుకొని పొమ్మ'ందురు. కట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. క్రూరత్వమును శిక్షించు నిబంధన 1983లో, కట్నపు చావులను గూర్చిన నిబంధన 1986లో చేరినవి. చట్టములు చచ్చిన పిమ్మట న్యాయము చేయ ప్రయత్నించును. బ్రతికి యుండగా ఆమెకు కావలసినది పుట్టింట నొక చాప, ఒక కంచము, 'ఎన్ని దినములైన నుండుము' అను నొక మాట. ఆ మాట తండ్రి చెప్పుటకు వెరచుచున్నాడనిన, అతడు వెరచునది మన నోటికే గదా! ఆమె మూడవమారు వచ్చినప్పుడు 'మరల వచ్చినదా' యని యడుగు వీధియే ఆమెను నెట్టు బలములలో నొకటి.

నాల్గవది భయము. దీని నెక్కువగ నేను బడిలో చూచితిని. కిష్కింధాకాండలో అంగదుని కథ మీరెరిగినదే. సీతను వెదకి నెల దినములలో రావలెనని సుగ్రీవుని యాజ్ఞ. గడువు మీరినది. పని కాలేదు. రాజదండనకు వెరచి అంగదుడు వానరులతో కూడ సముద్రతీరమున ప్రాయోపవేశమునకు కూర్చుండెను. అంగదుడు పిరికివాడా? కాడు. గడువు, దండన, అవమానము - ఈ మూడు కలిసినప్పుడు యువరాజంతటివానికిని బుద్ధి ఒక్క దారినే చూపినది. అంతలో సంపాతి కంటబడి, సీత జాడ చెప్పెను. పని ఆగిపోయినదనుకొన్నచోటనే అది మొదలైనది. మన పిల్లలకు పరీక్షాఫలితముల దినము ఆ సముద్రతీరము వంటిది.

2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట కొద్ది దినములలోనే పలువురు విద్యార్థులు మరణించిరి. ఆ ఫలితములలో తప్పులు దొరలినవి. తెలుగు పరీక్షలో 99 మార్కులు రావలసిన యొక బాలికకు సున్న నమోదైనది. అది పిమ్మట సవరింపబడినది. తప్పినవారి కాగితములను రుసుము లేకుండ మరల పరిశీలింపుడని ప్రభుత్వ మాజ్ఞాపించినది. దీనివలన మనము గ్రహింపవలసినది: మార్కుల కాగితము మనుష్యులు వ్రాయునది, మనుష్యులే దిద్దవచ్చును. పరీక్ష మరల వ్రాయవచ్చును. అది సరియైనదైనను, బాలుని యోగ్యతను గూర్చి తుది తీర్పు కాజాలదు.

చాల యేండ్ల క్రిందట ఫలితముల నాటి సాయంకాలము బడి అరుగుపై నొక బాలుడు ఒంటరిగ కూర్చుండి యుండెను. దీపములు పెట్టు వేళయైనను ఇంటికి పోలేదు. నేను ప్రక్కన కూర్చుండి, "నాయనా! తప్పితివా?" యని యడిగితిని. తల యూపెను. "ఇంటికి పోవ భయమా?" యనగా మరల తల యూపెను. "చనిపోవలెనని యనిపించుచున్నదా?" యని స్పష్టముగనే యడిగితిని. అంతవరకు ఏడువనివాడు అప్పుడు బిగ్గరగ నేడ్చెను. మా యింటికి తీసికొని పోయి అన్నము పెట్టించి, వాని మేనమామకు కబురంపితిని. ఆ మేనమామ చార్మినారు ప్రాంతమున చిన్న దుకాణదారు. వచ్చినంతనే "పరీక్ష పోయిన పోనీరా, నీవు దొరికితివి, చాలు" అనెను. నేను చేసిన యే ఉపదేశముకంటెను ఆ మాటయే ఆ రాత్రి పని చేసినది. ఆ బాలుడు మరుసటి యేడు ఉత్తీర్ణుడై, నేడు మనుమలను బడికి దింపుచున్నాడు.

నేను వానిని సూటిగ అడిగితినని చెప్పితిని గదా. 'అట్లడిగినచో లేని తలంపు పుట్టింతుమేమో' యని పలువురు శంకింతురు. మనోవైద్యులు దీనిని పరిశోధించి, అడుగుటవలన ఆ తలంపు పుట్టదనియు, ఉన్న తలంపు భారము తగ్గుననియు చెప్పుచున్నారు.

స్మృతి చెప్పిన నాల్గింటికి నేటి వైద్యులు ఐదవదానిని చేర్చుదురు: వ్యాధి. విషాదము ఒక రోగరూపమున మనుష్యుని పట్టగలదు. నిద్ర పోవును, ఆకలి పోవును, ఇష్టమైనవి రుచింపవు, 'నేను పనికిరాను' అను నొక్క మాటయే లోపల తిరుగుచుండును. దీనికి మందు గలదు. జ్వరమువలె ఇదియు నయమగును. కాని మనవారు గాలి సోకినదనియు, దృష్టి తగిలినదనియు మంత్రగానికి చూపింతురు. మా వీధిలో హిందువులు, ముస్లిములు సమానముగ దర్గాకు పోయి తావీజు కట్టింతురు. దేవుని మ్రొక్కుటకు నే నడ్డు చెప్పను. మనసునకు ధైర్యమిచ్చునది ఏదైనను మంచిదే. తావీజు కట్టిన చేతినే పట్టుకొని వైద్యునియొద్దకును తీసికొని పొండని మాత్రము ప్రార్థింతును. హైదరాబాదున ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము గలదు. దుఃఖకరమేమనగా, 'వీనిని ఎర్రగడ్డకు పంపవలె' ననునది మా నగరమున నొక తిట్టైనది. ఒక ఆసుపత్రి పేరు తిట్టైనచోట రోగి వైద్యుని గడప యెట్లు త్రొక్కును? అట్టి పరిహాసము మన యెదుట జరిగినప్పుడు వారింపవలసినవారము మనమే.

ఇక పాపమును గూర్చి, నేరమును గూర్చి. పెక్కు మతములు ప్రాణము తీసికొనుటను నిషేధించినవి. ఖురాను మిమ్ము మీరు చంపుకొనవలదని ఆదేశించినది. మన ధర్మశాస్త్రములు దీనిని దుర్మరణముగ పరిగణించినవి. ఈ నిషేధము జీవించియున్నవానికి రక్షగ నుండుట మంచిదే. చనిపోయినవాని కుటుంబమును వెలివేయుటకు దాని నాధారముగ చేసికొనుట శాస్త్రహృదయము గాదు. ఈశావాస్యోపనిషత్తులో 'ఆత్మహంతలు' చీకటి లోకములకు పోదురని యున్న మాటను కొందరు ఈ కుటుంబముల ముందు వల్లించుట నే నెరుగుదును. శంకర భగవత్పాదులు ఆ చోట ఆత్మహంత లనగా ఆత్మజ్ఞానము లేని యవిద్వాంసులని వ్యాఖ్యానించిరి. ఆ లెక్కన ఆ మాట మనలో నెందరికో తగులును. దుర్మరణము పొందినవారి కొరకు నారాయణబలి యను కర్మను కూడ శాస్త్రమే విధించినది. దారి చూపిన శాస్త్రమును విడిచి, ద్వారము మూయుట మన చేతలే.

నేరము సంగతి: 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రాణము తీసికొన ప్రయత్నించుటను నేరముగ జేసినది. అందువలన బ్రతికినవాని కుటుంబము పోలీసులకు వెరచి, 'కాలు జారినది', 'పొరపాటున త్రాగినాడు' అని దాచెడిది. వైద్యునకు నిజము తెలియదు. మనసునకు చికిత్స జరుగదు. కొన్నాళ్ళకు మరల అదే ఆపద. ఒకమారు ప్రయత్నించినవానికే మరల ప్రమాద మధికమని వైద్యులందరు నెరుగుదురు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. ప్రయత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నవాడని భావింపవలెననియు, వానిని విచారించి శిక్షింపరాదనియు, సంరక్షణము, చికిత్స కల్పించుట ప్రభుత్వ బాధ్యత యనియు దాని 115వ సెక్షను చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అమలైన క్రొత్త న్యాయసంహితలో పాత 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో బలవంతపెట్టుటకై అట్లు ప్రయత్నించుట మాత్రమే అందు నేరముగ నిలిచినది. కావున దుఃఖముచే ప్రయత్నించినవానిని దాచవలసిన పని లేదు. ఈ వార్తను ఊరూర చెప్పుడు. భయము పోయినచో నిజము బయటికి వచ్చును. నిజము వచ్చినచో చికిత్స జరుగును.

పెద్దలు చేయవలసినదేమి? ముందు గుర్తించుట. ఎన్నడును మాటలాడువాడు మౌని యగుట, మౌని యైనవాడు హఠాత్తుగ తన వస్తువులను పంచిపెట్టుట, అందరి వద్దను సెలవు తీసికొనుచున్నట్లు మాటలాడుట, 'నేను లేకున్న మీకు సుఖము' అనుట, నిద్రాహారములు మానుట, త్రాగుడు పెరుగుట - ఇవి గుర్తులు. 'చచ్చెదనన్నవాడు చావడు' అను నానుడి నమ్మరాదు. అన్నవారిలో చాలమంది సహాయము కోరియే అందురు.

తరువాత పలుకరించుట. దీనికి సుందరకాండకంటె మంచి పాఠము నే నెరుగను. అశోకవనమున సీతాదేవి నిరాశచే ప్రాణత్యాగమునకు సిద్ధపడినది. చెట్టుపై నున్న హనుమంతుడు వెంటనే దుమికి రాలేదు. ఇప్పుడు పలుకరింపకున్న ఈమె దక్కదు. తొందరపడి పలుకరించిన భయపడును. పండితునివలె సంస్కృతము మాటలాడిన రావణుడని శంకించును. కావున సామాన్య మానవుల వాడుక మాటలనే యాడవలెనని ఆయన నిశ్చయించుకొనెను. ఉపదేశము చేయలేదు, మందలింపలేదు. ఆమెకు ప్రియమైన రామకథను మెల్లగ వినిపించెను. నేటి వైద్యశాస్త్రము చెప్పు నియమములన్నియు ఇందున్నవి: ఆలస్యము చేయకుము, భయపెట్టకుము, వానికి తెలిసిన మాటలతో మాటలాడుము, నీతి చెప్పకుము, వానికి బ్రతుకుపై నున్న ప్రేమను జ్ఞప్తికి తెమ్ము. ఆ హనుమంతుడే అంతకు ముందు సీత కానరాక తానును ప్రాణములు విడువ దలచి, చావులో దోషములు పెక్కు, బ్రతికినవాడు శుభము నొందునని నిశ్చయించుకొన్నవాడు. తాను ఆ చీకటిని దాటినవాడు గనుకనే ఇతరుని చీకటిలో మెల్లగ అడుగు పెట్టగలిగెను. మీ యూరను అట్టి కష్టము దాటినవారుందురు. వారి మాటకు విలువ యెక్కువ.

మూడవది, ఒంటరిగ విడువకుండుట. ప్రమాదకర వస్తువులను దూరము చేయుట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో జిల్లా ఆసుపత్రికో వెంట నడచుట. 'పొమ్ము' అనుట వేరు, 'పద, నేను వత్తును' అనుట వేరు. ఊరి ఆశా కార్యకర్త ఇందుకు తోడ్పడగలదు. అర్ధరాత్రియైనను మాటలాడ దగిన ప్రభుత్వ టెలిఫోను సేవ యొకటి గలదు. దాని పేరు టెలి మానస్, 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది, సంఖ్య 14416. రేయింబవళ్ళు, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. బాధపడువాడే గాక, వాని గూర్చి దిగులుపడువాడును సలహా అడుగవచ్చును. మా జంటనగరములలో 1997 నుండి 'రోష్నీ' యను స్వచ్ఛంద సంస్థ ఇట్టివారి మాట వినుటకే పని చేయుచున్నది. ఈ 14416 సంఖ్యను పంచాయతి గోడపై, బడి గోడపై, ఎరువుల దుకాణము వాకిట వ్రాయింపుడు.

నాల్గవది, సంభవించిన పిమ్మటి కర్తవ్యము. ఎట్లు జరిగినదో వివరించి వర్ణింపకుడు, వీరగాథ చేయకుడు, 'ఒక్క కారణము' కట్టిపెట్టకుడు. అట్టి వర్ణనలు విని, అదే బాధలో నున్న మరియొకడు అదే దారి పట్టునని లోకమంతట గమనింపబడినది. ఆ యింటివారిని మాత్రము విడువకుడు. కర్మ ముగిసిన నెలకు, మూడు నెలలకు, సంవత్సరీకమునకు పోయి కూర్చుండుడు. పోయినవాని పేరెత్తి, వాని మంచిని తలచుకొనుడు.

భారత ప్రభుత్వము 2022లో ప్రకటించిన జాతీయ వ్యూహములో 2030 నాటికి ఈ మరణములను నూటికి పది తగ్గింపవలెనని లక్ష్యముగ పెట్టుకొన్నది. ఢిల్లీలో వ్రాసిన ఆ సంఖ్య మీ యూరికి దిగినప్పుడు ఒక రైతు, ఒక కోడలు, ఒక విద్యార్థి యగును. ఫలితములు వచ్చెడి వారము, పంట అమ్మెడి నెల, అప్పు గడువు తీరెడి దినము మీ రెరిగినవే. ఆ దినములకు ముందే ఎవరి వాకిట దీపము మసకగ నున్నదో చూచి, వేరొక పని మీద వచ్చినట్లు వచ్చి, అరుగుపై కూర్చుండి, "ఏమి నాయనా, అన్నము తింటివా?" యని యడుగుడు. ఉత్తరము వచ్చువరకు లేవకుడు.

సెలవు. స్వస్తి.